మేము పనిచేయని రెండేళ్లు

నేను, జెర్లిన్ ఒకే ఆఫీసుల రెండేళ్లు కలిసి పనిచేసినట్టు కాయితం మీద ఉన్నది. ఆ కాయితం ప్రింటయ్యేటప్పటికి నేను ఆ పిల్లను చూసి ఇరవై నిమిషాలు కూడా కాలే.

2002, జూలై నెల. నాంపల్లి స్టేషన్ ఎదురు గల్లీల, జిరాక్స్ షాపు మీదికి మెట్లెక్కితే ఒక చిన్న గది. బోర్డు లేదు. లోపల ఒక టేబులు, దాని మీద మూడు ఫోన్లు, ఫోన్ల వెనుక ఆమె. ఎర్ర ఫోన్ మోగింది. "గుడ్ మార్నింగ్, పావని సాఫ్ట్‌లింక్స్, హెచ్ఆర్ నుంచి జెర్లిన్" అన్నది తియ్యగ. అది పెట్టిందో లేదో నల్ల ఫోన్ మోగింది. "ఔ సార్, అకౌంట్స్ నుంచి పద్మ" అన్నది ముక్కుతోటి. నాకు నవ్వు రాలే, ఒళ్లు మండింది.

"గిన్ని గొంతులు పెట్టి దునియాను మోసం చేస్తున్నరు. మనసెట్లొస్తది మీకు?" అన్న.

ఆమె నన్ను కిందికెళ్లి మీదికి చూసింది. "అమ్మేటోళ్లకే ఉండాల్నా మనసు? కొననీకి మెట్లెక్కి వచ్చినోళ్లకు అక్కర్లేదా?"

ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌కు తెచ్చిన పైసలు జేబుల తడుముకున్న. నిజమే కదా.

నా పేరు సైలస్. మాది మెదక్. మా బాపు ఇజ్రాయేల్, మిషన్ స్కూల్ల లెక్కల సారు. నేను ఎంసీఏ ఫస్ట్ క్లాస్‌ల పాసై రెండేళ్లు దాటింది. ఇరవైమూడు ఇంటర్వ్యూలకు పోయిన. ప్రతి చోట ఒకటే పాట: రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్ ఉండాలె, ఫ్రెషర్లు వద్దు. అందరు వద్దంటే ఆ రెండేళ్లు యాడికెళ్లి తేవాలె? గీ మాట అడిగితే రిసెప్షన్ల కూసున్నోళ్లు గాజు డోర్ చూపిస్తరు.

మా కాలేజీ సంగతి చెప్పాల్నా? ల్యాబ్‌ల ఏసీ, చెప్పులు బయట విడిచి పోవాలె. ఎనిమిది మందికి ఒక కంప్యూటర్. ఒకడు కొడతడు, ఏడుగురం చూస్తం. ప్రోగ్రాము నోట్‌బుక్‌ల పెన్నుతోటి రాసినం, దాని అవుట్‌పుట్ కూడా పెన్నుతోటే రాసినం, మార్కులు తెచ్చుకున్నం. సార్లకు తెలుసు, ప్రిన్సిపాల్‌కు తెలుసు. బయటికొచ్చినంక మాత్రం "ఈ కాలం పిల్లలకు ఏం రాదు" అని మమ్మల్నే తిడతరు. పాసైనంక ఆబిడ్స్‌ల ఒక కంప్యూటర్ సెంటర్ పొద్దుగాల ఊడ్చిపెట్టి, దానికి బదులు గాడ మిషన్ మీద కూసొని నేర్చుకున్న. అది మాత్రం ఎవనికీ ఎక్స్‌పీరియెన్స్ కాదంట!

ఓనరు వామన్‌రావు సర్టిఫికెట్ మీద సంతకం గీకి నా చేతిల పెట్టిండు. "వారం రోజులు జెర్లిన్ దగ్గర ట్రైనింగ్ తీసుకో. ఆఫీసు ఎట్లుండె, ఎవరెవరుండిరి, అన్నీ యాద్ పెట్టుకో. ఫోన్ వస్తే ఆమె చూసుకుంటది. ఫికర్ చెయ్యకు" అని పోయిండు.

ట్రైనింగ్ మొదలైంది.

"మీ టీమ్ లీడర్ ఎవరు?"

"భావనారాయణ."

"ఎట్లుంటడు?"

"మీరు చెప్పలే కదా."

"బట్టతల. జల్ది కోపమొస్తది. పెరుగన్నం తప్ప తినడు. రాసుకోన్రి."

"గాయన నిజంగ ఉన్నడా?"

"లేడు. అయినా నాలుగు వందల మంది ఆయన కింద పనిచేసిన్రు" అన్నది, మొఖంల ఏం మారకుండ.

ఈసారి నవ్వొచ్చింది. దాచుకుందామంటే దాగలే.

"పోయినేడు వానాకాలం ఆఫీసుల ఏమైంది?"

"సర్వర్ బందైంది. అందరు ఇంటికి పోయిన్రు. నేనొక్కన్నే కూసొని బాగుచేసిన. మీరు చాయ్ తెచ్చిచ్చిన్రు."

ఆమె పెన్ను ఆగింది. "అది సిలబస్‌ల లేదు."

"రెండేళ్లల్ల ఒక్క చాయ్ తేలేదా? గింత పిసినారా మీరు?"

పెదవి కొరుక్కుంది. "సరే, తెచ్చిన. చక్కెర తక్కువ."

అట్ల రోజుకింత కలుపుకుంట పోయినం. కిరిస్మస్‌కు ఆఫీసుల కేకు కోసినం. ఆమె పుట్టినరోజు నేను మర్చిపోయిన, ఆమె నాలుగు రోజులు మాట్లాడలే. ఆ నాలుగు రోజులు తల్చుకుంటే నాకు నిజంగనే బాధైంది. లేని దినాల మీద బాధపడేటోన్ని నన్నొక్కన్నే చూసిన.

అయిదో నాడు సాయంత్రం ఇద్దరం ఆబిడ్స్ దిక్కు నడుస్తుంటే వాన దంచింది. ఉరికిపోయి జీపీఓ పోస్టాఫీసు చూరు కింద నిలబడ్డం. ఆమె చున్నీ తల మీదికి లాక్కున్నది. నేను చూస్తున్ననని తెలిసి రోడ్డు దిక్కు చూసింది. నేను రోడ్డు దిక్కు చూస్తే నన్ను చూసింది.

"మీరేం చదివిన్రు?" అన్న.

"ఎమ్మెస్సీ కంప్యూటర్స్. యూనివర్సిటీల మూడో ర్యాంక్."

"మూడో ర్యాంకొచ్చి గీ ఫోన్లు ఎత్తుతున్నరా!"

"ఇంకెవరిచ్చిన్రు పని? మా అమ్మ మాబెల్, దవాఖానల నర్సు. నేను పెద్ద కంపెనీల హెచ్ఆర్ అనుకుంటది. చర్చిల 'అబద్ధ సాక్ష్యం చెప్పొద్దు' అనే ఆజ్ఞ చదివిన రోజు నేను తల ఎత్తలేను." వాన చప్పుడుకు జర దగ్గరికొచ్చింది. "శ్రావణ్ అని మీ లెక్కనే సర్టిఫికెట్ కొన్న ఒకాయన ఉండె. మంచి ఉద్యోగమొచ్చింది. ఆరు నెలలకు కాయితం దొంగదని పట్టుకొని గేటు కాడికి తోలిన్రు. నన్ను ఒక్క మాట అనలే. 'మేడం, మీరైతే మంచిగనే చెప్పిన్రు' అన్నడు. తిట్టినా బాగుండు."

గొడుగు లేనందుకు నన్ను నేను తిట్టుకున్న.

మూడు రోజులకు లక్డీకాపూల్‌ల ఒక కంపెనీల ఇంటర్వ్యూ. రాత పరీక్షల నలభై మందిల నేనే ఫస్ట్. మేనేజర్ అమరేశ్వరరావు నా పేపర్ తిప్పి తిప్పి చూసి, "బాగా రాశావయ్యా. ఒక్క నిమిషం, మీ పాత ఆఫీసుకి ఫోన్ చేస్తా" అని స్పీకర్ నొక్కిండు.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, పావని సాఫ్ట్‌లింక్స్, హెచ్ఆర్ నుంచి జెర్లిన్."

ఆయన అడిగినవన్నీ గడగడ చెప్పింది. చివరికి, "అబ్బాయిలో లోపమేమైనా ఉందామ్మా?" అన్నడు. అది మేము ప్రాక్టీస్ చెయ్యలే.

ఆమె సొంతంగనే చెప్పింది. "కోపం ఎక్కువ సార్. కాని ఒకసారి సర్వర్ బందైతే అందరు పోయిన్రు, ఆయనొక్కడే ఉన్నడు. గసొంటి మనిషి దొరకడు సార్." అది హెచ్ఆర్ గొంతు కాదు, జీపీఓ కాడ విన్న గొంతు.

నాతోని కాలే. ముందుకు వంగిన. "జెర్లిన్, చాలు. సార్, అంతా అబద్ధం. ఆ ఆఫీసే లేదు."

"పిచ్చోడా!" అన్నది స్పీకర్. ఫోన్ కట్టయింది.

అమరేశ్వరరావు అరుస్తడనుకున్న. ఆయన తాపీగ కుర్చీల వెనక్కి వాలిండు. "నాకు తెలీదనుకున్నావా? ఈ ఫ్లోర్‌లో సగం మంది అలాంటి కాగితాలతోనే వచ్చారు. ఫోన్ చేస్తే ఎవరో అవునంటారు, నేను ఫారంలో టిక్ పెడతాను. నోరు మూసుకునుంటే సోమవారం జాయినయ్యేవాడివి."

"ఇప్పుడు తీసుకోన్రి సార్. పరీక్షల ఫస్టొచ్చిన కదా."

"ఇప్పుడెలా? నువ్వు ఫ్రెషర్‌వి కదా."

నా రక్తం ఉడికింది. "అబద్ధమని తెలిసి తీసుకుంటరు, నిజమని తెలిసి తీసుకోరు. మీరు మనుషులను చూస్తున్నరా, కాయితాలను చూస్తున్నరా?" అని అరిచిన. ఆయన తర్వాతోళ్లను పిలవమని బెల్ కొట్టిండు.

నాంపల్లి దాకా నడుచుకుంటనే వచ్చిన. జిరాక్స్ షాపు ముంగట జెర్లిన్ బ్యాగు భుజానికేసుకొని నిలబడ్డది. పని ఒదిలేసి కిందికి దిగొచ్చిందంట. కండ్లు ఎర్రగున్నయి, నోరు మాత్రం గట్టిగనే ఉన్నది.

"దిమాగున్నదా నీకు? ఒక్క నిమిషం ఊకుంటే అయిపోతుండె! ఎందుకు చెప్పినవ్?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నేను కూడ ఆ 'నువ్వు'నే అందుకున్న.

"గసొంటి మనిషి దొరకడు అన్నవ్ కదా. అది ఫోన్ల టేబులు మీది మాటనా, నీ మాటనా?"

తల దించుకుంది.

"ఎప్పుడన్న ఒకనాడు నువ్వు నన్ను ఇష్టమంటవేమోనని ఆశ ఉన్నది నాకు. ఆనాడు నేను నీ గొంతును అనుమానపడొద్దు. అందుకే చెప్పిన."

మా పక్కకెళ్లి ఒక ఆటో హారన్ కొట్టుకుంట పోయింది. అది పోయేదాకా ఆగింది. "ఒకనాడు ఏంది? ఇయ్యాలనే చెప్తున్న. నువ్వంటే నాకు ఇష్టం. ఇగ నడువు, అమ్మకు అన్నీ చెప్పాలె. ఒక్కదాన్నైతే భయం."

సికింద్రాబాద్ బస్సెక్కినం. వాళ్లింట్ల మాబెల్ అమ్మ డ్యూటీ చీర కూడా మార్చలే. జెర్లిన్ ఒక్కటి దాచకుండ చెప్పింది, మూడు ఫోన్లు, శ్రావణ్, నేను, అంతా. చెప్పి ఏడ్చింది. నేను గోడకు ఆనుకొని నిలబడ్డ.

మాబెల్ అమ్మ బిడ్డ కండ్లు తుడిచింది. తర్వాత నా దిక్కు తిరిగింది. "బాబూ, నేను దవాఖానల చేరినప్పుడు నాకు సూది పట్టుకోరాదు. పెద్ద సిస్టర్ నా చెయ్యి పట్టుకొని నేర్పింది. ఆమెకు ఇంకెవరో నేర్పిన్రు. ఎవరో ఒకరు నేర్పకుండ ఈ లోకంల ఎవరికన్న పని వచ్చిందా? నేర్పనీకి ఒళ్లు బరువై ఆ కంపెనీలోళ్లు మీతోని అబద్ధాలాడిపిచ్చిన్రు, ఇంకా మీరే తప్పు చేసినోళ్ల లెక్క ఏడుస్తున్నరు." చీర కొంగు నడుముకు దోపుకొని వంటింట్లకు పోయింది. లోపటికెళ్లి గట్టిగ కేకేసింది. "జెర్లిన్, ఏడ్చింది చాలు. ఆ పిలగానికి కూడ పళ్లెం పెట్టు."