నూట తొమ్మిదో గడి

ఎలుక కొరికి ఉంటుందా? కొరికితే గుడ్డ కూడా పోవాలి కదా! గుడ్డ భద్రంగా ఉంది. ఆ గడిలో నిన్నటిదాకా ఉన్న అక్షరాలే లేవు. సూది గుచ్చిన చిల్లులు మాత్రం మిగిలాయి.

కరీంనగర్‌లోని ఆ జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో, కెమిస్ట్రీ లెక్చరర్ ఫిలిప్ పది నిమిషాలుగా గోడ ముందే నిలబడి ఉన్నాడు. గోడకు వేలాడుతున్న గుడ్డ మీద మూలకాల పట్టిక అంతా రంగుదారాలతో కుట్టింది ఫిజిక్స్ చెప్పే ఆరాధన. చొప్పదండి నుంచి వచ్చే బస్సులో కూర్చుని, రెండు నెలలు.

నిన్న ప్రిన్సిపల్ నాగయ్య ఆ పట్టిక అతనే చేశాడనుకుని, అందరి ముందూ, "శభాష్ ఫిలిప్! ఏం చేసినవయ్యా!" అని అతని భుజం తట్టాడు. ఫిలిప్ నవ్వి ఊరుకున్నాడు. తర్వాత చెబుదాంలే అనుకున్నాడు. మొహమాటమని తాను పిలుచుకునేదాని అసలు పేరు పిరికితనమని అతనికి తెలియనిది కాదు.

ఆరాధన లోపలికి వచ్చింది.

"మేడం, గీ గడిల దారం మీరే ఇప్పిండ్రా?"

"అవును సార్."

"ఎందుకు?"

"కెమిస్ట్రీ మీది. మీరే చెప్పుండ్రి. నూట తొమ్మిది ఎవరి పేరు?"

మైట్నేరియం. ప్రకృతిలో దొరకదు, ప్రయోగశాలలో పుట్టి, కాసేపట్లోనే విచ్ఛిన్నమైపోతుంది. దానికి ఆ పేరు లీసె మైట్నర్ వల్ల వచ్చింది. అణుకేంద్రకం ఎలా చీలుతుందో వివరించిన ఆమెను వదిలేసి, బహుమతి ఆమెతో కలిసి పనిచేసినాయనకే ఇచ్చారు. ఆమె పోయిన చాలా ఏళ్లకు ఒక మూలకానికి ఆమె పేరు పెట్టారు. బస్‌స్టాండులో చాయ్ తాగుతూ ఈ కథ ఆరాధనకు చెప్పింది ఫిలిప్పే. "పక్కనున్నోళ్లు ఒక్కరన్న నోరు తెరవద్దా మేడం?" అని ఆవేశపడిందీ అతనే.

చెవులు వేడెక్కాయి. ఫిలిప్ నేరుగా ప్రిన్సిపల్ గదికి నడిచాడు.

"సార్, గా పట్టిక నేను కుట్టలే. ఆరాధన మేడం కుట్టింది. నిన్న చెప్పకపోవుడు నా తప్పు."

నాగయ్య కళ్లజోడు పైకి నెట్టి, ఫిలిప్ చొక్కాకు గుండీ ఊడిన చోటు వైపు చూశాడు. "నిన్ననే అనుకున్న. గుండీ కుట్టుకోరానోనికి గింత పని ఎట్ల వచ్చిందా అని. పో, మేడంను పిలుచుకరా. ఆమెకు చెప్పాలె గద శభాష్!"

సాయంత్రం గంట విన్న బడిపిల్లాడిలా తేలికైపోయాడు ఫిలిప్. ల్యాబ్‌కు వచ్చేసరికి ఆరాధన అక్కడే ఉంది.

"ఎటు పోయిండ్రు?"

"ప్రిన్సిపల్ సారుకు చెప్పొచ్చిన. మిమ్మల్ని రమ్మంటుండు."

ఆమె నవ్వు దాచుకుంటూ సంచిలోంచి సూదీ దారం తీసింది. "పోతగని, జర ఆగి. గీ గడి మీరే కుట్టుండ్రి."

"నాకు రాదు మేడం. కరాబైతది."

"అయితే ఇప్పి మల్ల కుట్టుండ్రి. నేను పక్కన ఉంట."

"ఎన్ని రోజులుంటరు?"

ఆమె కిటికీలోంచి బయట పడుతున్న వానను చూసింది. "మీరు మేడం అనుడు బంద్ చేసేదాక. ఆ తర్వాత గూడ."

ఫిలిప్ దారం కొస తడిచేసుకుని, ఊపిరి బిగబట్టి, సూది బెజ్జంలోకి ఎక్కించాడు.