ఆఖరి లెవెల్‌లో సున్నం

“నాలుగు గంటలకు ఆ గేమ్ ఎవరు గెలిచినా క్వారీలో నలభై మంది చస్తారు. గెలవనివ్వకు” అన్నాడు చీఫ్ మల్లికార్జునరావు. బ్రీఫింగ్ అంతే. మాటలు ఖర్చుపెట్టడం ఆయనకు చేతకాదు.

అది పొద్దున. ఇప్పుడు మూడు యాభై అయిదు. నరసరావుపేట ఫంక్షన్ హాల్లో, స్టేజి వెనక కంట్రోల్ రూమ్‌లో, ఏజెంట్ షాహిస్తా చేతులు కుర్చీకి కట్టేసి ఉన్నాయి. కిటికీ లేదు. ఉన్న ఒక్క తలుపుకూ కోడ్ లాక్. చెవిపోగులో దాచిన ట్రాన్స్‌మిటర్ నేల మీద ముక్కలై పడి ఉంది. దాన్ని తొక్కిన హైహీల్స్ మాధురివి. మూడేళ్లు పక్క సీట్లో కూర్చుని షాహిస్తా క్యారేజీలో బిర్యానీ పంచుకు తిన్న మాధురి. ఆ పట్టుచీర, ఆ సెంటు చూస్తే ఏ మంత్రిగారి కోడలో అనిపిస్తుంది. జీతం మాత్రం రెండు దేశాలు ఇస్తున్నాయి.

‘మూలకాల మేళా’ ఇంటిల్లిపాదీ ఫోన్లో ఆడే కెమిస్ట్రీ పజిల్ గేమ్. పల్నాడంతా అన్నం మానేసి ఆడుతోంది. ఈరోజు ఈ హాల్లోనే ఫైనల్, ప్రైజు ఫ్రిజ్. ఆఖరి లెవెల్‌లో ఖాళీ కుండ, కాల్చిన సున్నపు గడ్డ, నీళ్లు. కుండలో సున్నం వేసి దానిమీద నీళ్లు పోసిన ఫోన్ నుంచి సిగ్నల్ దాచేపల్లి దగ్గరి క్వారీ డిటొనేటర్లకు వెళ్తుంది. పేల్చేది విదేశీ ముఠా, నేరం మాత్రం గెలిచిన కుటుంబం మీద పడుతుంది. ఆ ప్రోగ్రామ్ చదువుతూనే షాహిస్తా దొరికిపోయింది. క్వారీలో ఇప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్లలో ఆమె అన్న ఖాదర్ వలి ఒకడు.

మాధురి మైకు ఆమె నోటి దగ్గర పెట్టింది. నెలరోజులుగా యాంకర్ వేషంలో క్లూలు చదువుతున్నది షాహిస్తాయే. గొంతు మారితే జనం అనుమానిస్తారు.

“రాసింది చదువు. తేడా వస్తే కాలుస్తా.”

షాహిస్తా చదివింది. “ఆఖరి లెవెల్. సున్నం, నీళ్లు కలిపి వేడి పుట్టించండి. ఒక్కటే ఛాన్స్, అరవై సెకన్లు.” ఊపిరి పీల్చుకుంది. “పండక్కి మీ ఇంట్లో సున్నం ఎట్లా కలుపుతారో అట్లానే కలపండి.”

ఆ చివరి ముక్క యాంకర్ల వాగుడే అనుకుంది మాధురి. అపార్ట్‌మెంట్లలో పెరిగిన మనిషి, సున్నాన్ని తాంబూలంలో తప్ప చూసింది లేదు.

మానిటర్‌లో ఒక్కొక్క కుటుంబం కుండను ముందు నీళ్లతో నింపుతోంది. ఒక్కొక్కరికీ ఎర్ర ఇంటూ పడుతోంది.

“ముందు నీళ్లెందుకు పోస్తున్నారు?” మాధురి గొంతు మారింది.

“సున్నం మీద నీళ్లు పోస్తే ఉడికి కళ్లలోకి చిమ్ముతుంది. మా నాన్నది సున్నపు బట్టీ. ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు.”

ఒక్క ఫోన్ మిగిలింది. అది ఫహీమ్‌ది, కెమిస్ట్రీ లెక్చరర్. అతను సున్నమే ముందు వేశాడు. ఇంకా ఏడు సెకన్లు. వేలు నీళ్ల మీదికి వెళ్లింది. షాహిస్తా కళ్లు మూసుకుంది.

స్పీకర్‌లో అతని తల్లి హజ్రా బీ గొంతు వినిపించింది. ముప్పై ఏళ్లు ఇళ్లకు సున్నాలు కొట్టిన మనిషి. “ఒరేయ్, ఏందిరా ఆ పని? కళ్లు పోగొట్టుకుంటావా?”

“అమ్మీ, ఇది గేమ్...”

“గేమైతే మాత్రం?” ఫోన్ లాక్కుంది. సెకన్లు సున్నాకొచ్చాయి. లెవెల్ మూసుకుపోయింది.

అన్న బతికాడు. షాహిస్తాకు ఏడుపు ఆగలేదు.

మాధురి పారిపోవడానికి కోడ్ నొక్కి తలుపు తీసింది. ఎదురుగా హజ్రా బీ, ఆమె వెనక హాల్లోని జనమంతా.

“ఏమే, నీళ్లు ముందు పోస్తే తప్పంటదేంది మీ గేమ్? పిల్లకాయలకి ఇదా నేర్పేది?”

మాధురి వెనక్కి అడుగేసింది. షాహిస్తా కుర్చీలోంచే కాలు అడ్డం పెట్టింది. పిస్టల్ ఒకవైపు పడింది, పట్టుచీరతో సహా మాధురి ఒకవైపు.

హజ్రా బీ కట్లు విప్పాక షాహిస్తా చీఫ్‌కు ఫోన్ చేసింది.

“గెలిచిందెవరు?” అన్నాడాయన.

“ఎవరూ గెలవలేదు సార్. కాకపోతే ప్రైజు ఫ్రిజ్ ఎవరికిస్తారో తేల్చేదాకా ఈ గదిలోంచి నన్ను జనం కదలనివ్వరట.”