వెంట్రుకవాసి తక్కువ

పాత నూలుమిల్లు వెనక సందు సంగతి మీకు చెప్పనే లేదు కదూ! అయితే దగ్గరికి జరగండి. రెండు పక్కలా రెండంతస్తుల గోడలు, చివర ఇంకో గోడ. ముందుకు పోయే దారి లేదు, వచ్చిన దారినే వెనక్కి రావాలి. చీకటిపడితే కుక్కలు కూడా అటు మొహం పెట్టవు. ఎందుకంటారా? అక్కడి ప్రతిధ్వని మంచిది కాదు.

మనమంతా బళ్లో చదువుకున్నదే. శబ్దమంటే గాలికి పుట్టే వణుకు. గబగబా వణికితే స్వరం పైకి పోతుంది, నింపాదిగా వణికితే కిందికి దిగుతుంది. ఆ వణుకు గోడకి కొట్టుకుని తిరిగొస్తే ప్రతిధ్వని. గోడకేం తెలుసు పాపం... ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగిస్తుంది.

కానీ ఆ సందులో గోడ అలా కాదట. పాడిన స్వరాన్ని వెంట్రుకవాసి పైకెత్తి ఇస్తుందట. ‘నువ్వు తక్కువ పాడావు’ అన్నట్టు!

తాగుబోతులు అందులో అరుచుకుంటూ పోయేవాళ్లు. వాళ్లకేమీ కాలేదు. శ్రుతి తెలిసినవాడు దొరికితేనే దానికి ఆకలి.

మా అన్నకి శ్రుతే ప్రాణం. అన్నంటే మా పెద్దమ్మ కొడుకు. సంగీత పాఠశాలలో గాత్రం మాస్టారి ఉద్యోగం ఖాళీ అయింది. వడపోతలన్నీ అయ్యాక ఇద్దరు మిగిలారు. పొద్దున్నే పెద్దల ముందు పాడాలి. వదినకి నెలలు నిండాయి. ఆ ఉద్యోగం రాకపోతే పొయ్యిలో పిల్లి లేవదు.

ఆ రాత్రి అన్న చెప్పులు వేసుకుంటుంటే వదిన లేచిందట.

“ఈ వేళప్పుడు ఎక్కడికి?”

“గొంతు చూసుకుని వస్తానే.”

“అద్దం ఇక్కడే ఉందిగా!”

“గొంతుకి అద్దం గోడే.”

నిజమే మరి. మన గొంతు మనకి ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది. ఎదుటివాళ్లకి గాలిలోంచే. ఎదుటివాళ్లకి ఎలా వినపడతామో తెలియాలంటే ప్రతిధ్వనినే అడగాలి.

సందు మొదట్లో మిల్లు కాపలా తాత లాంతరు ఎత్తి చూశాడు. “వద్దు బాబూ... ఆ గోడ తప్పులు పడుతుంది.”

“తప్పుంటే కదా తాతా పట్టడానికి!” అని నవ్వి లోపలికి వెళ్లాడు అన్న.

కళ్లు మూసుకుని అందుకున్నాడు.

“స————”

ఆపాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం... తర్వాత గోడ నుంచి—

“స————”

తన గొంతే. కానీ వెంట్రుకవాసి హెచ్చు.

నేనే తగ్గానేమో అనుకున్నాడు. ఈసారి ఆ ఎత్తుకి సరిగ్గా కలిపి పాడాడు. గోడ తిరిగిచ్చింది... మళ్లీ వెంట్రుకవాసి హెచ్చు.

మీరో నేనో అయితే ఇంటికి పోయేవాళ్లం. శ్రుతి తెలిసినవాడికి ‘తక్కువ పాడావు’ అన్న మాట చెవిలో జోరీగ. కలిపేదాకా కాలు కదలదు. వెంట్రుక, వెంట్రుక... స కాస్తా రి అయింది. రి కాస్తా గ అయింది. మెడనరాలు తాళ్లలా లేచాయి.

తాత పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. “చాలు బాబూ... రా...”

“ఉండు తాతా, ఈ ఒక్కటీ కలవనీ!”

పై షడ్జమం వచ్చింది. దాటింది. ఇంకా పైకి... ఇంకా పైకి... ఒక్కసారిగా పాత గుడ్డ చించినట్టు చప్పుడు. అన్న నోట్లో ఉప్పగా తగిలింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

గోడ మాత్రం హాయిగా, తియ్యగా ఆ పై స్వరం పాడుతూనే ఉంది.

పొద్దున పెద్దల ముందు అన్న నోరు తెరిచాడు. గాలి. మళ్లీ తెరిచాడు. గాలి. బయట బల్లమీద కడుపు పట్టుకు కూర్చున్న వదిన, లోపలి నుంచి పాట ఎప్పుడు వినిపిస్తుందా అని చెవి ఒగ్గి వింటోంది. చివరికి వినిపించింది... రెండోవాడి పాట. ఉద్యోగం వాడిదే. అన్న ఇప్పటికీ సైగలతోనే బతుకుతున్నాడు. పుట్టిన పాపని పేరు పెట్టి ఒక్కసారి పిలిచిందీ లేదు.

అయ్యో, అలా బిక్కమొహాలు వేస్తారేం! దెయ్యం లేదు, గియ్యం లేదు. ఆ చివరి గోడలో ఒక ఇటుక ఊడి కన్నం పడింది. అన్న గొంతు చూసుకోవడానికి అక్కడికే వస్తాడని తెలిసి, కన్నానికి అవతల చతికిలబడి కూర్చున్నది నేనే! ఆ రెండోవాణ్ణీ నేనే లెండి. అక్కచెల్లెళ్ల బిడ్డలం, మా గొంతులు మా అమ్మే పోల్చుకోలేదు ఫోన్లో. ‘నీకు చెవుంది గానీ గొంతు లేదురా’ అన్నాడండీ మా అన్న పదిమందిలో, నవ్వుతూ. మరి చెవి ఉన్నవాడు ఏం చెయ్యగలడో చూపించాలా వద్దా?

ఎంత బాగా కుదిరిందో! ఆయన పాడడం, నేను వెంట్రుకవాసి ఎక్కించడం. నవ్వాపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను.

కాకపోతే... నా గొంతు పై షడ్జమం దాటదు. అక్కడికి రాగానే నేను ఆపేశాను. ‘అన్నా, నేనే, ఇక చాలు’ అని అరిచి ఉండొచ్చు. అరవలేదు. పొద్దున్నే పోటీ కదా!

ఆ పైవన్నీ పాడింది నేను కాదండీ. అవి అన్న ఉన్న వైపు నుంచి కూడా రాలేదు. నా చెంప పక్కనుంచి వచ్చాయి... అంత దగ్గర్నుంచి పాడితే ఊపిరి తగలాలి కదా.

తగల్లేదు.