మూడో చరణంలో తూటా

గిటార్లు బాగుచేసే మనిషిని అతని షాపులోనే, అతను బిగిస్తున్న గిటారు తీగతోనే చంపేశారు. బల్ల మీద టీ గ్లాసు ఇంకా వెచ్చగా ఉంది. ఫోను రిసీవరు బల్ల అంచు నుంచి వేలాడుతోంది.

ఆ ఫోనుకి అవతల ఉన్నది ఏజెంట్ త్రీ. అతనికి వినబడినవి మూడు మాటలే.

"రేపు. మైదానం. మూడో చరణం."

ఆ తరవాత కుర్చీ పడిన చప్పుడు. కాసేపటికి ఎవరో రిసీవరు అందుకుని, మాట్లాడకుండా, తీరిగ్గా ఊపిరి తీసుకుని, మళ్లీ వదిలేశారు. ఆ ఊపిరి చప్పుడు ఏజెంట్ త్రీ చెవిలోంచి పోలేదు. తువ్వాలుతో తుడుచుకున్నా పోలేదు.

కళ్లద్దాల షాపు వెనక, కంటిపరీక్ష గదిలో పెద్దసారు కూర్చుని ఉన్నాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్ ఆఫీసు అదే. గోడ మీద పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా చార్టు వేలాడుతోంది.

"పోయినవాడు మన మనిషి," అన్నాడు పెద్దసారు. "చంపింది బయటిదేశం ముఠా. సరిహద్దు నదికి ఇటువాళ్లకీ అటువాళ్లకీ కూడా తుపాకులు అమ్మేది వాళ్లే. ఎల్లుండి సంధి చర్చలు. సంధి కుదిరిందా, వాళ్ల దుకాణం కట్టేసినట్టే. రేపు నీ జులపాల గుంపు శాంతి సభలో ఒక శవం లేస్తే చాలు. వీళ్లు వాళ్లని అంటారు, వాళ్లు వీళ్లని అంటారు. యుద్ధం మళ్లీ మొదలు."

"ఎవరి శవం సార్?"

పెద్దసారు చెప్పనక్కర్లేదు. ఆ సభలో పాడేది ఒక్కతే. ఊరంతా ఆమెని పిట్ట అంటారు. ఏజెంట్ త్రీకి స్వయానా అక్క కూతురు. ఆరు నెలల క్రితం డిపార్ట్‌మెంట్ అతన్ని మైకుసెట్టు మెకానిక్ వేషంలో ఆ గుంపులోకి పంపింది ఆ చుట్టరికం చూసుకునే. మావయ్య మంచి మెకానిక్ అని ఆ పిల్ల నమ్మింది.

"సభ ఆపేద్దాం సార్."

"ఆపితే? రేపు మైదానంలో కాకపోతే ఎల్లుండి ఆ పిల్ల ఇంటి గుమ్మంలో. మైదానంలో అయితే కనీసం మనముంటాం." పెద్దసారు గొంతు తగ్గించాడు. "నెమలి వస్తుంది. ఫొటోగ్రాఫర్. హంతకుడెవరో ఆమెకి అక్కడికొచ్చాకే తెలుస్తుందట. తెలియగానే వాడి వైపు కెమెరా తిప్పుతుంది. మఫ్టీలో ఉన్న మనవాళ్లు పట్టేస్తారు."

"ఆమె మన మనిషేనా?"

"మనం అలాగే అనుకుంటున్నాం. ముఠా కూడా తమ మనిషనే అనుకుంటోంది. ఎవరు పొరబడ్డారో రేపు తెలుస్తుంది."

మర్నాడు మధ్యాహ్నానికి మైదానం నిండటం మొదలైంది. పొడుగు జుట్టు కుర్రాళ్లు, మాసిన జుబ్బాలు, చెప్పుల్లేని కాళ్లు. కాలేజీ పిల్లలతో పాటు వాళ్లని వెతుక్కుంటూ వచ్చిన తల్లులు కూడా ఉన్నారు. మైదానం నడిమధ్య టార్పాలిన్ కింద సౌండు మిక్సర్ బల్ల. దాని ముందు ఏజెంట్ త్రీ. అతని చెవిలో వినికిడి యంత్రం లాంటిది ఒకటుంది. నిజానికది వైర్‌లెస్.

"చెవుడున్న సౌండన్నని ఎక్కడ దొరకబుచ్చుకున్నావే?" అని ఎవరో పిట్టని ఆటపట్టించారు.

"మా మావయ్యకి మనుషుల మాటలే వినబడవు. పాట బాగానే వినబడుతుంది," అంది పిట్ట. గిటారు వీపుకి తగిలించుకుని బల్ల దగ్గరికొచ్చింది. "ఏంటి మావయ్యా, మొహం అలా పాలిపోయింది? అన్నం తిన్నావా?"

"అమ్మలూ, ఇవాళ్టికి పాడకు. గొంతు బాలేదని చెప్పేయ్."

"నా గొంతుకేం? నీ గొంతే వణుకుతోంది." పిట్ట అతని కళ్లలోకి చూసింది. "భయమేస్తోందా?"

"ఛ, నాకేం భయం!"

"భయమేస్తే ఏం చెయ్యాలో ప్రతి ఆదివారం నేర్పుతున్నాంగా. నువ్వేమో ఆ మూల వైర్లు చుట్టుకుంటూ కూర్చుంటావు, నేర్చుకోవు."

నేర్చుకోకపోయినా అతను చూశాడు. మూతపడ్డ ప్రెస్సు గోడౌన్‌లో ఆదివారం శిక్షణ. సగంమంది పోలీసులుగా నటించి మిగతావాళ్లని తోస్తారు, తిడతారు, జుట్టు పట్టి లాగుతారు. నియమం ఒకటే. ఎవరికి భయమేసినా చెయ్యెత్తి, ఉన్నచోటే కూర్చోవాలి. పక్కవాడు కారణం అడగకూడదు. తనూ చెయ్యెత్తి కూర్చోవాలి. కూర్చున్నవాడు పరిగెత్తలేడు, తొక్కలేడు, చెయ్యి చేసుకోలేడు. ఏజెంట్ త్రీకి అది పిల్లకాయల ఆటలా అనిపించేది. తన ఉద్యోగంలో మొదటి పాఠం వేరు. భయమేస్తే ఎవరికీ కనబడనివ్వకూడదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కనబడనివ్వలేదు.

"నీతో మా అమ్మ చెప్పించిందా ఇదంతా?" అంది పిట్ట.

"లేదే..."

"అయితే నాకు మంచి సౌండు ఇయ్యి. చాలు." వెళ్లిపోయింది.

పొద్దు వాలుతుండగా పాట మొదలైంది. మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. అందరూ నిలబడే ఉన్నారు.

*అవతలి గట్టున అమ్మకీ నిద్ర లేదు,*
*ఇవతలి గట్టున అమ్మకీ నిద్ర లేదు...*

ఏజెంట్ త్రీ ఒక్కొక్క ముఖాన్నే వెతుకుతున్నాడు. ప్రతి ముఖం మామూలుగానే ఉంది. ప్రతి చెయ్యీ జేబులోకే పోతున్నట్టుంది. జేబురుమాలు తీసినవాణ్ణి చూసి అతని గుండె ఆగింది. దగ్గినవాణ్ణి చూసి ఆగింది. మూడో చరణమంటే ఏమిటో అతనికి బాగా తెలుసు. అక్కడికి రాగానే జనమంతా చేతులు పైకెత్తి చప్పట్లు కొడతారు. ఆ హోరులో తూటా పేలినా ఎవరికీ వినబడదు.

వేదిక పక్కనే నెమలి నిలబడి ఉంది. అంత దుమ్ములోనూ తెల్లటి పాంటుసూటు, నల్లకళ్లద్దాలు, మెడలో పొడుగు లెన్సు కెమెరా. రెండో చరణం అయింది.

*తుపాకీ దించు తమ్ముడా,*
*ఇంతసేపు మోస్తే చెయ్యి నొప్పెట్టడం లేదా?*

వేల చేతులు లేచాయి. చప్పట్లు. సరిగ్గా అప్పుడే నెమలి కెమెరా ఎత్తి కుడివైపుకి తిప్పింది. అక్కడ గొడుగు పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మఫ్టీలో ఉన్నవాళ్లంతా జనాన్ని తోసుకుంటూ అటు పరుగు తీశారు. గొడుగు కిందపడింది.

ఏజెంట్ త్రీ ఊపిరి వదలబోయాడు. వదల్లేకపోయాడు.

కెమెరా లెన్సుకి మూత తియ్యలేదు.

ఆమె ఏమీ చూడటం లేదు. ముసలాయన హంతకుడు కాడు. మనవాళ్లందరినీ కుడివైపుకి పంపేసింది. అంటే హంతకుడు ఎడమవైపున ఉన్నాడు.

"ఫీడ్‌బ్యాక్ వస్తోంది! ఎడమ స్పీకర్లో ఫీడ్‌బ్యాక్!" అన్నాడు వైర్‌లెస్‌లో. ప్రమాదానికి అది కోడ్. చెవిలో గరగర తప్ప జవాబు లేదు. లైను ఎవరో జామ్ చేసేశారు. మైకు కట్టేస్తే పిట్ట కదలకుండా నిలబడిపోతుంది. అది ఇంకా తేలిక గురి. పిస్టల్ తీస్తే ఎవరి మీదికి? ఎడమవైపున వేలమంది, పైకి లేచిన వేల చేతులు.

ఆ చేతుల మీదుగా పిట్ట కనబడుతోంది. కళ్లు మూసుకుని పాడుతోంది. పుట్టినప్పుడు అక్క తెచ్చి అతని చేతుల్లో పెట్టిన మొహం.

బల్ల పట్టుకున్నాడు. చెవిలో నిన్నటి ఊపిరి చప్పుడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో దాచుకున్న భయమంతా ఒక్కసారి కాళ్లలోకి దిగింది. ఏజెంట్ త్రీ చెయ్యెత్తి, మిక్సర్ బల్ల ముందు మట్టిలో కూలబడిపోయాడు.

పక్కనున్న కాలేజీ అమ్మాయి చప్పట్లు ఆపి వంగింది. "భయమేస్తోందా అన్నా?"

"వేస్తోందమ్మా," అన్నాడు. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఆ అమ్మాయి ఇంకేమీ అడగలేదు. చెయ్యెత్తి కూర్చుంది. ఆమె పక్కవాడు, వాడి వెనకవాళ్లు కూర్చున్నారు. చప్పట్లు ఆగిపోతూ, తలలు కిందికి దిగిపోతూ, కొత్తగా వచ్చిన తల్లుల్ని కూడా పిల్లలు చెయ్యి పట్టి లాగుతూ, చుట్టుచుట్టూ మైదానమంతా కూర్చుండిపోయింది. వేదిక మీద పిట్ట కళ్లు తెరిచి చూసింది. ఎందుకని ఆమె కూడా అడగలేదు. చెయ్యెత్తి, ముందున్న స్పీకరు పెట్టె వెనక చతికిలబడింది. పాట మాత్రం ఆపలేదు.

ఎడమవైపున ఒక్కడు మిగిలాడు.

జులపాలున్నాయి. మాసిన జుబ్బా ఉంది. చేతికి వాలంటీరు పట్టీ ఉంది. పాటలన్నీ వచ్చు కాబోలు, పెదవులు ఇంకా కదులుతున్నాయి. ఒక్క ఆదివారం కూడా ఆ గోడౌన్‌కి రాలేదు, అంతే. భుజానికి ఆనించుకున్నది శాంతి జెండా కర్ర. ఇనప గొట్టం. దాని కొన వేదిక వైపుంది.

వాడు బిత్తరపోయి చుట్టూ చూశాడు. వాడి వెనకున్న ఒక పెద్దావిడ విసుక్కుంది. "కూర్చో బాబూ, వెనకవాళ్లకి కనబడొద్దూ?"

వాడు కూర్చోలేదు. జెండా కర్ర స్పీకరు పెట్టె వైపు దించాడు.

ఇంకొకరు కూడా నిలబడే ఉన్నారు. నెమలి. ఆమె వాడిని చూసింది, కూర్చున్న జనాన్ని చూసింది. చెయ్యి లెన్సు మూత మీదికి పోయింది. మూత ఊడింది. సూటిగా వాడి కళ్లలోకి ఫ్లాష్ మెరిసింది.

తూటా పేలింది. స్పీకరు పెట్టె అంచు చెక్క ఎగిరిపడింది. పాట ఆగింది.

తరవాత పెట్టె వెనక నుంచి, వణుకుతున్నా, మూడో చరణం మళ్లీ మొదలైంది.

వాడు జెండా కర్ర పారేసి పరిగెత్తబోయాడు. ఎటు పరిగెత్తుతాడు? చెయ్యీ చెయ్యీ కలుపుకుని కూర్చున్న మనుషులు. అడుగు పెట్టడానికి సందు లేదు. ఎవరూ వాణ్ణి ముట్టుకోలేదు, తిట్టలేదు. మఫ్టీవాళ్లు వచ్చేదాకా వాడు ఆ జనం మధ్య దిగులుగా నిలబడే ఉన్నాడు.

తనని జీపు ఎక్కించేముందు నెమలి కళ్లద్దాలు తీసింది. ఏడ్చినట్టున్నాయి కళ్లు.

"ఎందుకు మూత తీశారు?" అన్నాడు ఏజెంట్ త్రీ.

"అందరూ కూర్చున్నాక వాడితో పాటు నేనొక్కదాన్నే నిలబడి ఉండటం... అంత భయం నాకెప్పుడూ వెయ్యలేదండీ."

పిట్ట వచ్చి అతని పక్కన మట్టిలో కూర్చుంది. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముందుగా కూర్చున్నదెవరు మావయ్యా?"

"నేనే."

"దేనికి?"

"కారణం అడగకూడదు కదే."

వైర్‌లెస్ పనిచెయ్యడం మొదలెట్టింది. పెద్దసారు గొంతు. "శభాష్ త్రీ! జనాన్ని కూర్చోబెట్టాలన్న ప్లాన్ ఎవరిది?"

"ప్లాన్ ఏం లేదు సార్. భయమేసి కూలబడ్డాను."

"రిపోర్టులో అలా రాయకు," అన్నాడు పెద్దసారు. "'వ్యూహాత్మకంగా ఆసీనుడనైతిని' అని రాయి."

"అలాగే సార్," అన్నాడు ఏజెంట్ త్రీ, ఇంకా ఆసీనుడై ఉండగానే. లేవడానికి కాళ్లు ఇంకా ఒప్పుకోలేదు.