ముందే చెప్పిన సాక్ష్యం

గౌలిపురలోని ఆ గల్లీకి బేబీ ప్రార్థనతోనే తెల్లవారుతుంది. ఆమె చాప పరిచి మోకరించిందంటే పాలబండి హారన్ కూడా ఎవరికీ వినబడదు.

"ప్రభువా, మా బిడ్డ స్రవ్యకు సర్కారు నౌకరీ! మా ఆయనకు మెయిన్ రోడ్డు మీద దుకాణం! అత్తమ్మకు మంచి మోకాళ్లు! ఫ్రిజ్జు, రెండు తలుపులది!" అంటూ ఒక్కోటీ రెండేసి సార్లు చెబుతుంది. దేవుడు ఎక్కడ మరిచిపోతాడోనని ఆమె భయం.

పురానాపూల్ దగ్గర మిక్సీలు బాగుచేసే ఆమె భర్త బాలరాజ్ దుప్పటిలోంచే నవ్వాడు. "ఏందే, ఫ్రిజ్జు రంగు చెప్పకపోతివి? ఎర్రది పంపితే మళ్ల ఆయనతోని లొల్లి పెట్టుకుంటవు."

"నవ్వు, మంచిగ నవ్వు. రేపు సాయంత్రం మనింట్ల కృతజ్ఞత కూటం. చర్చి సంఘమంత వస్తది. అప్పుడు సూస్త నీ నవ్వు."

నిజానికి ఆ కూటం సంగతే బాలరాజ్‌ను లోలోపల భయపెడుతోంది. రెండు నెలల కిందట వాళ్ల చర్చికి బయటి ఊరి ప్రసంగీకుడొకాయన వచ్చాడు. అడిగింది దొరికిందని నమ్మి ముందుగానే సాక్ష్యం చెప్పేస్తే దేవుడిక కాదనలేడని ఊగిపోతూ చెప్పాడు. ఆయన ఇంకా మైకు కింద పెట్టకముందే బేబీ లేచి నిలబడింది. "మా స్రవ్యకు సర్కారు దవాఖానల నర్సు ఉద్యోగం వచ్చింది, దేవునికి స్తోత్రం!" అంది. స్రవ్య పరీక్ష రాసి అప్పటికి వారం కూడా కాలేదు. సంఘమంతా హల్లెలూయ అని కేకలు వేసింది. సంఘ పెద్ద భిక్షపతి కృతజ్ఞత విందు ఎప్పుడని అడిగితే, ఆ ఊపులో బేబీ తేదీ కూడా చెప్పేసింది. పాస్టరయ్య ఒక్కడే ఏమీ అనక తల గోక్కున్నాడు.

బేబీ చాప మడిచేసరికి పక్కింటి ఇషాక్ గుమ్మంలో ఉన్నాడు. పెళ్లిళ్లకు డేగు గిన్నెల్లో బిర్యానీ వండడం అతని పని.

"అక్కా, రేపటికి పెద్ద డేగు తియ్యాల్నా, చిన్నది సాల్తదా? ఇంకోటి, నీ దువాల మా నల్లా గురించి గూడ ఒక మాట చెప్పరాదు? నీళ్లు సన్నగ వస్తున్నయ్."

"పెద్దదే తియ్యి భాయ్. నీ నల్లా గూడ చెప్త."

"డేగు వద్దు ఇషాక్ భాయ్."

అప్పుడే రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన స్రవ్య చెప్పులు విడుస్తూ అంది. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఆ అమ్మాయి ముఖంలో అలసట ఉంటుంది గానీ దాపరికం ఉండదు. ఆ రోజు మాత్రం కళ్లు నేల మీదే ఉన్నాయి.

"ఎందుకొద్దు బిడ్డా?"

"ఫలితాలొచ్చినయ్ అమ్మా. నాకు రాలే."

ఇషాక్ "నేను మళ్ల వస్త" అని మెల్లగా జారుకున్నాడు. బేబీ చాప చంకలో పెట్టుకుని కూతురికి ఎదురొచ్చింది.

"ఎప్పుడొచ్చినయ్?"

"మంగళవారం."

"మంగళవారం నుంచి కడుపుల పెట్టుకొని కూసున్నవా? సంఘమంత లేచి నిలబడి స్తోత్రం చెప్పిండ్రు! ఇప్పుడు వాళ్లకు మొఖం ఎట్ల సూపియ్యాలె? నేనున్న ఉపవాసాలేమైనయ్? మోకాళ్లు కాయలు కాసినయి! ఇంకేం జెయ్యాలె నేను ఆయనకు?"

"గందుకే చెప్పలే!" స్రవ్య గొంతు కూడా పెరిగింది. "ఉద్యోగం రాలేదని ఫికర్ కాదమ్మా. మళ్ల రాస్త. నాకు రాలేదని నువ్వు దేవుని మీద అలుగుతవేమోనని భయమైంది."

బాలరాజ్ దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు, కానీ ఈసారి నవ్వలేదు. స్రవ్యే మళ్లీ అందుకుంది.

"మనం ఒక్క అర్రల కిరాయికున్నప్పుడు నువ్వు పొద్దుగాల ఏమడిగేటిదానివమ్మా? ఏం అడగకపోదువు. పాటలు పాడుదువు. నిన్న ఏమైందో, బాపు ఏమన్నడో, అన్ని చెప్పుదువు. నేను నీ కొంగు పట్టుకొని పండుకొని వింటుంటి. ఆయన మనింట్లనే ఉన్నడనుకుందును. అప్పుడు దేవునితోని ముచ్చట పెట్టేటిదానివి. ఇప్పుడు ఆయనకు పని చెప్తున్నవ్."

ఆ మాట బేబీకి ఎక్కడో తగిలింది. తగిలింది కాబట్టే ఇంకా కోపం వచ్చింది. "పొయ్యి పండుకో. పెద్ద పాస్టరమ్మ వొచ్చింది నాకు చెప్ప," అని చాపను మూలకు విసిరేసింది.

ఆ రోజంతా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మనుషుల మాట లేదు. బేబీ పప్పులో ఉప్పు మరిచిపోయింది, ఎవరూ అనలేదు. అత్తగారు శారదమ్మ మాత్రం మంచం మీది నుంచి, "ఇంట్ల ఎవరన్న పోయిండ్రా?" అని అడిగి అటు తిరిగి పడుకుంది.

మర్నాడు తెల్లవారుజామున బేబీకి అలవాటుగా మెలకువ వచ్చింది. లేవకూడదనుకుంది. అలిగినదాన్ని నేను, నేనెందుకు లేవాలి అనుకుంది. అయినా కాళ్లు మూలకే వెళ్లాయి. చాప పరిచి మోకరించి నోరు తెరిచింది. "ప్రభువా" అన్నాక ఏం చెప్పాలో తోచలేదు. అడిగేవన్నీ పక్కన పెడితే ఆయనతో చెప్పడానికి తన దగ్గర ఒక్క మాట కూడా లేదు. ఇన్నేళ్లుగా తెలిసిన మనిషిని వీధిలో చూసి పేరు గుర్తు రానట్టు సిగ్గుపడిపోయింది.

"ఎన్ని దినాలైంది ప్రభువా, నీతోని మాట్లాడక," అంది చివరికి, చాలా మెల్లగా. అంతే, ఏడుపు ఆగలేదు. ఉద్యోగం కోసం కాదు ఆ ఏడుపు. ఒక్క గదిలో ఏమీ లేనప్పుడు తన పక్కనే ఉన్నవాణ్ణి, అన్నీ అడగడంలో పడి తానే దూరం చేసుకున్నందుకు. ఏడ్చి ఏడ్చి తేలికయ్యాక, నిన్నటి ఉప్పులేని పప్పు గురించి చెప్పింది. బిడ్డ మీద అరిచిన సంగతి చెప్పింది. ఆ తర్వాత తల్లి నేర్పిన పాత పాటొకటి దానంతటదే వచ్చింది.

రెండో చరణానికి పక్క గదిలోంచి శారదమ్మ శ్రుతి తప్పి గొంతు కలిపింది. స్రవ్య వచ్చి తల్లి కొంగు పట్టుకుని చాప అంచున పడుకుంది.

పాట అయ్యాక బేబీ గోడవతలికి కేక వేసింది. "ఇషాక్ భాయ్! డేగు పొయ్యి మీద పెట్టు. పెద్దదే!"

సాయంత్రానికి ఇల్లు నిండి, జనం గల్లీలో కుర్చీలు వేసుకున్నారు. భిక్షపతి ముందు వరసలో కూర్చుని, "ఉద్యోగం యాడ పడ్డదమ్మా?" అన్నాడు. బేబీ లేచింది.

"మా బిడ్డకు ఉద్యోగం రాలే," అంది. "నేను ముందే చెప్పిన సాక్ష్యం తప్పు. దేవుని నోట్ల నా మాట పెట్టిన. నన్ను మాఫ్ జెయ్యుండ్రి."

భిక్షపతి తల దించుకున్నాడు.

"మరి ఎందుకు పిలిచిన అంటరు గదా? చానా దినాలకు ఇయ్యాల పొద్దుగాల ఆయన దగ్గర ఉత్తగ కూసున్న. ఏం అడగలే. నా మనసుకు మస్తు నిమ్మళమైంది. ఇంతకంటె నాకేం గావాలె? గీ కృతజ్ఞత గందుకే."

పాస్టరయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ప్రార్థన మనవులేమన్న ఉన్నయా తల్లీ?" అని అలవాటుగా అడిగాడు.

బేబీ ఆలోచించింది. "ఏం లేవయ్యా."

"నాకొకటుంది," అన్నాడు బాలరాజ్ వెనక నుంచి. "బిర్యానీ సల్లారకముందే ఆమెన్ చెప్పాలె."

ఇల్లంతా ఘొల్లుమంది. స్రవ్య నవ్వుతూనే కళ్లు తుడుచుకుని తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ ప్రార్థన ఎంత చిన్నగా ముగిసిందో, డేగు అంతకంటే తొందరగా ఖాళీ అయింది.

మరునాడు పొద్దున గల్లీకి పాటతో తెల్లవారింది. ఇషాక్ డేగు కడుగుతూ గోడ మీదుగా తొంగి చూశాడు.

"ఏందక్కా, ఇయ్యాల ఏం అడిగినట్టు లేదు? మా నల్లా ముచ్చటన్న చెప్పినవా?"

"అయ్యో, మర్సిపోయిన భాయ్," అంది బేబీ చాప దులుపుతూ. "ఇద్దరం కూసొని ముచ్చట్ల పడ్డం."