దొరగారికి దారి చెప్పిన గొంతు

ఆ ఉదయం దొరగారు మళ్లీ కుట్టుమిషన్‌కు మూతి గుద్దుకున్నాడు. దొరగారంటే ఆ ఇంటి కుక్క. తినడం, పడుకోవడం తప్ప వేరే పని లేదు కాబట్టి ఆ పేరు పెట్టారు.

"కొవ్వెక్కి కళ్లు మూసుకుపోయాయి వీడికి!" చొక్కా కాలర్ కుడుతూ విసుక్కుంది అమ్మ.

కోపమొస్తే హాల్లో సామాన్లు అటూ ఇటూ జరపడం ఆవిడ అలవాటు. ఈమధ్య కోపమంతా దొరగారి మీదే. ఎంత పెట్టినా ఆకలే, ఎన్ని నీళ్లు పోసినా దాహమే, హాలంతా తడిపేస్తున్నాడు. అందుకని మధ్యాహ్నం దాటగానే నీళ్ల గిన్నె తీసి దాచేస్తోంది. మిషన్ కూడా నిన్ననే చోటు మారింది గనుక వాడు గుద్దుకుంటే ఎవరూ పట్టించుకోలేదు. కూతురికి మాత్రం అనుమానం వచ్చి ఒక గుడ్డముక్క వాడి కళ్ల ముందు జారవిడిచింది. వాడు తల కూడా తిప్పలేదు.

ఆమె వాణ్ని డాక్టరుకు చూపించి తిరిగొచ్చేసరికి నాన్న బస్సు డ్యూటీ దిగి ఇంట్లో ఉన్నాడు.

"ఏదో జబ్బు చేసి చూపు పూర్తిగా పోయిందట. ఇక రాదట," అంది కూతురు. "నొప్పేమీ ఉండదట. ఆ దాహం, ఆ ఆకలి, ఆ లావు, అన్నీ ఈ జబ్బు వల్లేనట అమ్మా."

అమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"మా డిపోలో ఒకతనికి పెద్ద పెరడుంది. ఇచ్చేద్దాం," అన్నాడు నాన్న ఎటో చూస్తూ. "వాడలా గుద్దుకుంటుంటే నేను చూడలేను."

"నువ్వు చూడలేవని వాణ్ని పంపేస్తావా? ఇక్కడైతే గోడలూ గుమ్మాలూ తెలుసు. అక్కడ వాడికేం తెలుసు నాన్నా?"

"తెలియనిచ్చానా నేను?" అమ్మ బావురుమంది. "పూటకో చోటికి అన్నీ జరిపాను. దాహమంటే నీళ్లు దాచాను. నోరు లేనివాడు, ఎవరితో చెప్పుకుంటాడే! వాణ్ని పంపేస్తే నాకు ముద్ద దిగదండీ. ఇక ఈ ఇంట్లో స్టూలు కూడా కదపను."

ఆ ఏడుపు విని దొరగారు తడుముకుంటూ వచ్చి ఆవిడ ఒళ్లో తల పెట్టాడు. నాన్న ఒక్క మాటా అనకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. పెరడున్న మనిషితో మాట్లాడటానికే అనుకున్నారు తల్లీకూతుళ్లు. ఇద్దరికీ అన్నం సయించలేదు.

సాయంత్రం గేటు చప్పుడైంది.

"దొరా, నేనేరా. గేటు వేస్తున్నా. ఇదిగో, చెప్పులు విప్పాను. మెట్టెక్కుతున్నా. నీ కుడిపక్కకి వస్తున్నా, బెదిరిపోకు. నిన్నెక్కడికి పంపుతాన్రా, పిచ్చి వెధవా..."

ఆ గొంతు వెంటే నడిచి దొరగారు ఆయన మోకాళ్ల మీద వాలిపోయాడు. ఆయన అక్కడే నేల మీద చతికిలబడి, వాడి వీపు నిమురుతూ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు.

మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా అని పెళ్లయిన కొత్తలోనే ఆయన్ని దెప్పి దెప్పి ఊరుకున్న అమ్మ, గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటూ ఆ కబుర్లన్నీ వింది.