కదలని కొంగ

“రేపు నువ్వు పిట్టల ఫోటోలు తీయాలి,” అంది డైరెక్టర్ తాక్ మేడమ్.

నామ్ గ్యూహా నవ్వలేదు. ఆవిడ గదిలో నవ్విన ఏజెంట్లు బుసాన్‌లో ఎక్కువకాలం నిలవలేదు.

బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. సబ్‌మెరైన్ డిజైన్లు కొనే విదేశీ ముఠా నాయకుడు జైల్లో ఉన్నాడు. వాణ్ణి కళ్లారా చూసిన సాక్షి ఒక్కడే, రిటైర్డ్ ఇంజనీరు ఓక్ చాన్మో. సోమవారం కోర్టులో వాణ్ణి గుర్తుపట్టాలి. ఆదివారం ఇంట్లో ఉండమంటే మాత్రం వినడం లేదు. విగ్రహాల మీద వాలిన పక్షులను ఫోటో తీస్తూ ఓ బృందంతో ఊరంతా నడవడం ఆయన అలవాటు. చంపాలనుకున్నవాళ్లకు అంతకంటే మంచి అదను దొరకదు. ముఠాలో ఉంటూ మనకు రహస్యాలు చేరవేసే ప్యో సెరిన్ కూడా ఆ నడకకు వస్తుంది.

ఆదివారం ఆకాశం మసకగా ఉంది. హార్బర్ మీంచి గాలి విసురుగా కొడుతోంది. సోడాబుడ్డి కళ్లద్దాలు, కెమెరా బెల్టులో మైకుతో గ్యూహా ముసలాయన పక్కన చేరాడు. జాలరి విగ్రహం నెత్తిమీద సీగల్ కూర్చుని ఉంది.

“అడ్మిరలైనా, మంత్రయినా పిట్టకి కూర్చునే చోటే అనేది మా ఆవిడ,” అన్నాడు చాన్మో, ఫోటో తీస్తూ. “ఆమె పోయాక నాకు మిగిలింది ఈ నడకే. భయపడి ఇంట్లో దాక్కుంటే వాళ్లు నన్ను చంపేసినట్టే కదా, బాబూ.”

ఎర్ర రెయిన్‌కోటులో సెరిన్ వచ్చింది. మగవాళ్ల కెమెరాలు పక్షులను మరిచిపోయాయి.

“ఇవాళ గాలిలో ఉప్పెక్కువ,” అంది.

“చేపలకి మంచిదే,” అన్నాడు గ్యూహా.

కోడ్ కలిసింది. ఫిష్‌కేక్ బండి దగ్గరున్న టోపీవాడి దగ్గర తుపాకీ ఉందని ఆమె గుసగుసగా చెప్పింది. గ్యూహా మైకులో ఆ మాట అందించాడు. వెనక వస్తున్న ఏజెంట్లిద్దరూ బండివైపు వెళ్లారు.

ఆమె తర్వాత ముసలాయన దగ్గరికి వెళ్లి, మెట్లపైన కవి విగ్రహం అరచేతిలో తెల్లకొంగ వాలిందని చెప్పింది. ఆయన మోకాళ్ల నొప్పి కూడా మరిచి మెట్లెక్కేశాడు.

కొంగ నిజంగానే ఉంది. గ్యూహా లెన్స్ సరిచేసుకున్నాడు. కవి భుజాల మీది పావురాలన్నీ గాలికి ఎదురు తిరిగి కూర్చున్నాయి. కొంగ మాత్రం గాలికి వీపు పెట్టి నిలబడింది. ఈకలు తిరగబడి లేస్తున్నా కదలడం లేదు.

చెవిలోని ఇయర్‌ఫోన్‌లో ఏజెంటు గొంతు వినిపించింది. “టోపీవాడు తినడానికే వచ్చాడు సార్. తుపాకీ లేదు.”

అది బతికున్న కొంగ కాదని, లోపల బాంబుందని గ్యూహాకు అర్థమైంది. సెరిన్ కోసం చూశాడు. ఆమె మెల్లగా వెనక్కి నడుస్తోంది. చెయ్యి జేబులో ఉంది.

అరిస్తే ఆమె బొటనవేలు రిమోట్ నొక్కేస్తుంది. అతను వెర్రినవ్వు ఒకటి నవ్వి ఆమె చెయ్యి పట్టుకుని, దగ్గర్నుంచి చూద్దాం రమ్మంటూ విగ్రహం కాళ్ల దగ్గరికి, ముసలాయన పక్కకి లాక్కొచ్చాడు.

“ఇప్పుడు నొక్కండి,” అన్నాడు మెల్లగా.

ఆమె పెదాలు పాలిపోయాయి. “వదులు. రిమోట్ నా ఒక్కదాని దగ్గరే లేదు.”

ఆమె చూపు కింద రోడ్డు మీదున్న వ్యానుకు అతుక్కుపోయింది. అద్దం దిగింది. లోపలి మనిషి ఆమెను గుర్తుపట్టాడు. అయినా చెయ్యి పైకెత్తాడు.

“నొక్కేస్తున్నాడు,” అంది సెరిన్.

గ్యూహా ముసలాయన్ను అమాంతం ఎత్తుకుని రాతిగోడ అవతలికి దూకాడు. ఆమె వెనకే పడింది. భూమి అదిరింది. కవి చెయ్యి లేదు. ఈకలు, కాలిన వైర్లు వాళ్ల మీద రాలాయి.

వ్యాను కింది మలుపులోనే దొరికింది. సెరిన్ పారిపోయే ప్రయత్నం చేయలేదు. “నేనున్నానని చూసే నొక్కాడు,” అని మాత్రం మళ్లీ మళ్లీ అంది.

సోమవారం చాన్మో సాక్ష్యం చెప్పాడు. పేలుడుకి చెవులు దిబ్బడేసి ప్రశ్నలు సరిగ్గా వినబడక, లాయర్లు అడిగినవాటితో పాటు అడగనివాటికీ జవాబులిచ్చాడు. సాయంత్రానికి అరెస్టయిన ముఠావాళ్లకు పోలీసు వ్యాన్లు చాలక సిటీ బస్సొకటి అద్దెకు తీసుకోవాల్సి వచ్చింది.